ఇరవై ఎనిమిది గ్రాముల తేడా

మధ్యాహ్నం రెండు దాటితే గ్రీన్‌హౌస్ ఉత్తరపు గోడ మీద నీళ్ళు జారడం మొదలయ్యేది. ముడతల అట్టలతో కట్టిన గోడ అది. బయట మెసా మీద, ఆ చదునైన గుట్ట మీద, మండిపోతున్న గాలి ఆ అట్టల్లోంచి దూరి లోపలికి వచ్చేసరికి చల్లబడి, సన్నని మంచులా మారి, మొక్కల వరసల మధ్య నడుమెత్తున నిలబడిపోయేది. డెల్ఫీనా ఆర్చులేటాకి రోజంతటిలోకీ ఇష్టమైన వేళ అదే. చేతిలో పసుపు ట్యాగుల పళ్ళెం, మెడలో స్కానరు. అలా ఆ మంచులోకి నడిచి వెళ్తుంటే తన కాళ్ళు తనకే కనిపించేవి కావు. ఎవరో మెల్లగా మోసుకెళ్తున్నట్టుండేది.

రోగుల మందు కోసం లైసెన్సు మీద పెంచే గంజాయి మొక్క మూరెడు ఎత్తు పెరగ్గానే దాని మొదలుకి పసుపు ట్యాగు కట్టాలి. రాష్ట్రం పెట్టిన నియమం. ట్యాగు మీద ఇరవై నాలుగు అక్షరాలూ అంకెలూ ఉంటాయి. ఆ క్షణం నుంచి ఆ మొక్క ఏ వరసలో పెరిగింది, ఏ రోజు కోశారు, పచ్చిగా ఎంత తూగింది, ఎండాక ఎంత తూగింది, ఏ సీసాలో పడింది, ఏ రోగి చేతికి చేరింది అన్నీ ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కాల్సిందే. చివరికి తుంచి పారేసిన ఆకులు కూడా తూచి రాయాల్సిందే. ఆ గ్రీన్‌హౌస్‌లో ట్యాగులు కట్టేదీ, కాటా దగ్గర నిలబడేదీ, కంప్యూటరు ముందు కూర్చునేదీ డెల్ఫీనాయే. మొక్కల్ని ఆమె చివరి నాలుగంకెలతో పిలిచేది. "నాలుగు ఆరు ఒకటి ఒకటీ, ఏమిటే అలా వాలిపోయావు?" అనేది. మొక్కకి ఆ అంకెలే పేరు.

ఆమెకి యాభై ఎనిమిదేళ్ళు. భర్త యూసేబియో పోయి రెండు చలికాలాలైంది. బతికున్నన్నాళ్ళూ ఆయన పని పొలాల కాలువ మీద తలుపులు తిప్పడం. ఎవరి మిరప తోటకి ఎంతసేపు నీళ్ళు వదలాలో ఆయన తేల్చేవాడు. ఎముకల్లో కాన్సరు వచ్చాక చివరి మూడు నెలలూ ఆయన కంటికి కాస్త కునుకు తెచ్చింది ఈ గంజాయి పువ్వే. ఆయన పోయిన నెలకి ఆమె ఖాళీ సీసా పట్టుకుని గ్రీన్‌హౌస్ యజమాని రూడీ జుపాన్ దగ్గరికి వచ్చి, "ఇది మీ దగ్గర ఏ మొక్కది, నాయనా?" అని అడిగింది. రూడీ నవ్వలేదు. సీసా మీది అంకెలు కంప్యూటర్లో కొట్టి, ఆ మొక్క ఏ వరసలో ఉండేదో, దాని తల్లి మొక్క ఏదో చూపించాడు. తల్లి మొక్క ఇంకా ఉంది. డెల్ఫీనా దాని పక్కన చాలాసేపు నిలబడింది. మర్నాడు పని అడిగింది.

మంచు నిండిన ఆ మధ్యాహ్నాల్లో వరస చివర, తడి గోడ దగ్గర, ఆయన కనిపించేవాడు. రబ్బరు బూట్లు, భుజం మీద పార. ఆయన కాదని ఆమెకి తెలుసు. నీడో, పైపుల మీద పడ్డ వెలుతురో అలా అమరేది. అయినా చూపు తిప్పుకునేది కాదు. ఎవరికి ఏం నష్టం అనుకునేది.

జులై నెల సగంలో ఒక రోజు పొద్దున్నుంచే వాన పట్టింది. పైకప్పు ప్లాస్టిక్ మీద చినుకులు పడుతున్న చప్పుడు ఆఫీసు గదిలోకి మెత్తగా వస్తోంది. రాష్ట్రానికి నెలనెలా పంపే నివేదిక కోసం డెల్ఫీనా బరువుల తేడాల జాబితా తెరిచింది. కాటా మీద బరువు పాత లెక్కతో కలవకపోతే సాఫ్ట్‌వేర్ ముందుకు పోనివ్వదు. ఎందుకు కలవలేదో కారణం ఎంచుకోమంటుంది. ఆ కారణాలన్నీ నెలాఖరుకి ఒకచోట చేర్చి చూసుకోవాలి.

ఆ నెల రెండే తేడాలున్నాయి. రెండూ ఒకే తల్లి మొక్క సంతతి, రెండు టబ్బులు. మొదటిది తూర్పు వరస పువ్వు. ప్రయోగశాల మంచిదని చెప్పింది. ఎనిమిది వందల అరవై ఎనిమిది గ్రాములు ఉండాల్సింది, దుకాణానికి పంపిన రోజున ఎనిమిది వందల నలభై తూగింది. ఇరవై ఎనిమిది తక్కువ. కారణం దగ్గర ఆమె "తేమ తగ్గింది" అని ఎంచుకుంది. రెండోది తడి గోడ పక్క వరస పువ్వు. బూజు ఉందని ప్రయోగశాల తిప్పికొట్టింది. ఎనిమిది వందల నలభై ఉండాల్సింది, తొమ్మిది రోజుల తరవాత నాశనం చేసే రోజున ఎనిమిది వందల అరవై ఎనిమిది తూగింది. ఇరవై ఎనిమిది ఎక్కువ. ఆవేళ కూడా వాన. "తేమ పెరిగింది" అని ఎంచుకుంది.

రెండు అంకెలూ ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి. ఆమె వాటినే చూస్తూ కూర్చుంది. వాన చప్పుడు దూరంగా వెళ్ళిపోయినట్టయింది.

ప్రయోగశాల మనిషి వచ్చిన రోజు గుర్తొచ్చింది. రెండు టబ్బులూ బల్ల మీద పెట్టించి, మూతలు తీసి పక్కన పడేసి, చిన్న కత్తెరతో నమూనాలు తీసుకున్నాడు. టబ్బు గోడలకి చెమట పడుతుందనీ చీటీ అంటుకోదనీ వాళ్ళెప్పుడూ చీటీలు మూతల మీదే అతికించేవారు. ఆ మనిషి వెళ్ళిపోయాడు. బల్ల మీద రెండు టబ్బులు, రెండు మూతలు. అప్పుడే తడి గోడ వైపు నుంచి ఈల వినిపించింది. యూసేబియో కాలువ గట్టున నడిచేటప్పుడు వేసే ఈల. ఫ్యాను రెక్క ఎక్కడో రాసుకుని ఉంటుంది. ఆమె అటు చూసింది. తలుపు సందులోంచి మంచు, ఆ మంచులో భుజం మీద పార. చూస్తూనే చేతులతో తడుముకుని మూతలు పెట్టేసింది.

మూతలు మారాయి. మంచి పువ్వుని మట్టిలో కలిపేశారు. బూజు పట్టింది దుకాణంలో ఉంది.

రూడీ మోటారు షెడ్డులో పంపు విప్పుకుని కూర్చున్నాడు. నలభై దాటిన మనిషి. వాళ్ళ నాన్న ఉక్కు మిల్లులో ముప్పై ఏళ్ళు పనిచేసి దాచినదంతా ఈ మెసా మీది నేలలో పెట్టి పోయాడు. చిన్నప్పటి నుంచీ డెల్ఫీనాని అతను తీయా, అంటే అత్తా, అనే పిలుస్తాడు, వీధిలో పెద్దావిడలందర్నీ పిలిచినట్టే.

"రూడీ, ఒక మాట."

"తీయా, నువ్వు ఒక మాట అన్నావంటే ఆ పూట నా పని ఆగినట్టే. చెప్పు."

ఆమె చెప్పింది. అంకెలతో సహా చెప్పింది. ఈల సంగతి మాత్రం చెప్పలేదు. రూడీ చేతిలోని స్పానరు పక్కన పెట్టి, గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.

"ఖచ్చితంగా తెలుసా? లేక అనుకుంటున్నావా?"

"ఆ పొద్దు నా చేతులు ఏం చేశాయో నాకు తెలీదు. కాటాకి తెలుసు."

"కంప్యూటర్లో అంతా సరిపోయింది కదా? తేమ తగ్గింది, తేమ పెరిగింది. రాష్ట్రం వాళ్ళు దాన్ని చూసి తలూపేశారు. ఇప్పుడు మనంతట మనమే వెళ్ళి, అయ్యా మేం తప్పు చేశాం, మా లైసెన్సు తీసుకోండి అనాలా?"

"కంప్యూటర్లో సరిపోయింది నేను సరిపెట్టాను కాబట్టి."

"ఒక్కరోజు ఆగు. లాయర్ని అడుగుతాను. రేపు పొద్దున్న..."

"రూడీ, అది కాన్సరు వాళ్ళు పీల్చే పువ్వు. మందులతో ఒళ్ళు గుల్లయిపోయిన వాళ్ళు. మనకి తుమ్ముతో పోయే బూజు వాళ్ళ ఊపిరితిత్తుల్లో ఇల్లు కట్టుకుంటుంది. నువ్వు లాయర్ని అడిగేలోపు ఈ సాయంత్రం ఎవరో మూత తీస్తారు."

"నాకు తెలీదా అది!" రూడీ గట్టిగా అరిచాడు. వెంటనే నాలిక కరుచుకున్నాడు. "ఇక్కడ పదకొండు మంది పనిచేస్తున్నారు, తీయా. నీతో కలిపి."

"నన్ను తీసేయ్, పదిమంది అవుతారు."

"అబ్బా, ఊరుకో!"

వానలోకి నడిచి వెళ్ళి అతను కంచె దగ్గర నిలబడ్డాడు. టోపీ కూడా పెట్టుకోలేదు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. డెల్ఫీనా షెడ్డు గుమ్మంలోనే ఉంది, అతన్ని పిలవకుండా. కాసేపటికి తడిసిన ముఖంతో తిరిగొచ్చి, జేబులోంచి ఫోను తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వే చెయ్యి. నేను చేస్తే మధ్యలో ఏదో ఒకటి తగ్గించి చెప్తాను. నా సంగతి నాకు తెలుసు."

రాష్ట్ర కార్యాలయంలో ఫోనెత్తినావిడ పేరు టమారా హోల్కంబ్, ఈ జిల్లా ఇన్‌స్పెక్టరు. డెల్ఫీనా మాట్లాడినంతసేపూ అవతల కంప్యూటరు మీటల చప్పుడు తప్ప ఇంకేం లేదు.

"ఆ టబ్బులోంచి ఎన్ని సీసాలు కట్టారు?"

"అరవై. ఒక్కోటీ పద్నాలుగు గ్రాములు. అన్నీ వాల్సెన్‌బర్గ్‌లో ఒకే దుకాణానికి వెళ్ళాయి."

"ఇప్పుడే అన్నింటినీ ఆపేస్తున్నాను. మీ స్క్రీన్ మీద చూడండి."

డెల్ఫీనా చూసింది. ఆకుపచ్చగా ఉన్న వరస ఎర్రబడింది. ఒకటి, దాని కింద ఇంకొకటి, అలా అరవై. పొద్దుపోయే వేళ కొండలు ఒకదాని తరవాత ఒకటి రంగు మారినట్టు మారిపోయాయి. ఆ ఎరుపు ఇక్కడ కనిపించిన క్షణానే డెబ్భై మైళ్ళ అవతల దుకాణం బల్ల మీద కూడా కనిపించి ఉంటుంది. ఇక ఆ సీసాల్లో ఒక్కదాన్ని కూడా అక్కడి యంత్రం అమ్మనివ్వదు. ఈ పనిలో చేరిన రెండేళ్ళలో ఆమె ఈ సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకోని రోజు లేదు. ఇవాళ ఆ ఎర్రని వరసని పైనుంచి కిందిదాకా వేలితో లెక్కపెట్టుకుంది.

"నేను రేపు పొద్దున్న వస్తాను," అంది టమారా. "ఈలోగా మీ దగ్గరినుంచి ఒకరు దుకాణానికి వెళ్ళి, వాళ్ళతో కలిసి మిగిలిన సీసాలన్నీ స్కాన్ చేసి సీలు వెయ్యాలి. అమ్ముడైన వాటి కోసం వాళ్ళు రోగులకి ఫోన్ చేస్తారు. ఎవరు వెళ్తారు?"

"నేనే," అంది డెల్ఫీనా.

ఆమె పికప్ తీసుకుని దక్షిణంగా బయలుదేరేసరికి వాన తెరిపిచ్చింది. గ్రీన్‌హార్న్ కొండ సగం మబ్బులో ఉంది. తడిసిన రోడ్డు మీంచి ఆవిర్లు లేస్తున్నాయి.

దుకాణం నడిపే మార్నీ కెస్లర్ సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ చలేస్తున్నట్టు భుజాలు ముడుచుకుని ఉండే మనిషి. డెల్ఫీనా లోపలికి వచ్చేటప్పటికే అల్మారాలోంచి సీసాలు తీసి బల్ల మీద పేర్చేసింది. ఇద్దరూ ఒక్కొక్కటే స్కాన్ చేశారు. నలభై మూడు. అమ్ముడైనవి పదిహేడు, పద్నాలుగు మంది రోగులకి.

"పదముగ్గురితో మాట్లాడాను," అంది మార్నీ. "తొమ్మిది మంది ఇంకా మూతే తియ్యలేదట. నలుగురు తీశారు, వాళ్ళని వాళ్ళ డాక్టర్ల దగ్గరికి వెళ్ళమన్నాను. ఒక్కాయన మాత్రం ఎత్తట్లేదు. ఎనిమిదిసార్లు చేశాను. పొడుగ్గా మోగుతూనే ఉంటుంది."

"ఎవరు?"

"అది మీకు చెప్పకూడదు. రోగుల పేర్లు బయటికి చెప్తే నా ఉద్యోగం పోతుంది." మార్నీ పెదవి కొరుక్కుంది. "కానీ ఆయన్నే ముందు చూడాలి. ఊపిరితిత్తుల కాన్సరు. ఇంటికి వెళ్దామంటే పైలోయలో మట్టి దారులు, నా కారు చూశారుగా, గిన్నెలా నేలకి ఆనుకుని ఉంటుంది. ఈ వానకి బురదలో దిగబడిపోతుంది."

డెల్ఫీనా టమారాకి ఫోన్ చేసి, సంగతి చెప్పి, ఫోను బల్ల మీద పెట్టింది.

"దుకాణం తరఫున మార్నీ తన రోగి ఇంటికి వెళ్ళొచ్చు," అంది టమారా. "ఆమె ఎవరి బండి ఎక్కుతుందన్నది నేను అడగలేదు. మీరూ చెప్పలేదు."

ఆ దారి డెల్ఫీనాకి తెలుసు. పెళ్ళైన కొత్తలో యూసేబియో ఆమెని ఆ లోయకి తీసుకొచ్చాడు, వాళ్ళ పినతండ్రి గొర్రెల్ని చూపించడానికి. నదీ, దారీ ఒకదాన్నొకటి దాటుకుంటూ వెళ్తాయి. సాయంత్రపు ఎండ మబ్బుల కిందనుంచి అడ్డంగా వచ్చి గడ్డినంతా రాగిరంగు చేసింది. ఎక్కడా మనిషి లేడు. పికప్ నడుస్తున్నట్టు కాక, లోయే మెల్లగా వెనక్కి జరుగుతున్నట్టుంది. మార్నీ కిటికీ అద్దానికి తల ఆనించి, "నాకు నిజంగా ఇక్కడ ఉన్నట్టు లేదు," అంది. డెల్ఫీనా తల ఊపింది. ఆయన తలుపు తీయకపోతే? తీసే స్థితిలో లేకపోతే?

గార్డ్‌నర్ దాటాక మట్టి ఇటుకల ఇల్లొకటి, చుట్టూ చిక్కుడు పాదులు. ఒక ముసలాయన ఇనప కుర్చీలో కూర్చుని, పాదుల్లోకి పారుతున్న నీళ్ళని చూస్తున్నాడు. నెత్తి మీద ఒక్క వెంట్రుక లేదు. గడ్డి టోపీ మోకాలికి తగిలించుకున్నాడు.

"అమాదేయో బాకా గారూ!" మార్నీ బండి ఆగకముందే దూకేసింది. "ఫోనెందుకు ఎత్తరు మీరు?"

"ఫోనా? దాని మీద దిండు పెట్టాను. రోజూ ఎవడో ఇంటికప్పు వేస్తానంటాడు. నా కప్పు బాగానే ఉంది." ఆయన కళ్ళు చికిలించి డెల్ఫీనాని చూశాడు. "ఈ సెన్యోరా ఎవరు? కప్పు వేసేవాళ్ళ తాలూకానా?"

ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. బొగ్గు రైళ్ళ మీద పనిచేసి దిగిపోయాడు. మాట మధ్యలో చిన్న దగ్గు వచ్చి, ఆగి, మళ్ళీ వచ్చింది. డెల్ఫీనా ఆయన కుర్చీ పక్కన తడి నేల మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. రాసుకుని తెచ్చుకున్న మాటలేం లేవు ఆమె దగ్గర.

"మీ మందు పండించే చోట ట్యాగులు కట్టేది నేనే. రెండు టబ్బుల మూతలు తారుమారు చేశాను. మీకొచ్చిన సీసాలో బూజు ఉంది. తప్పు యంత్రానిదీ కాదు, ఈ అమ్మాయిదీ కాదు. నాది."

అమాదేయో ఆమెని చూశాడు, తరవాత నీళ్ళని చూశాడు.

"మూడు సాయంత్రాలు పీల్చాను," అన్నాడు. "నాలుగోనాడు బుద్ధి పుట్టలేదు. తడి గోనె వాసన. సరే, ముసలి ముక్కు కదా అనుకున్నాను."

"దగ్గు ఎప్పట్నుంచి?"

"దగ్గు నాకు కొత్తేం కాదు. కొంచెం వరస మారింది, అంతే." ఆయన ఉన్నట్టుండి అడిగాడు, "మరి మంచిది ఏమైంది? నాకు రావలసింది?"

"మట్టిలో కలిపి, నలగ్గొట్టి పారేశాను. నియమం ప్రకారం. ఇద్దరు సాక్షుల ముందు."

ముసలాయన నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వు దగ్గయింది, దగ్గు ఆగాక మళ్ళీ నవ్వయింది. "సాక్షుల ముందా! అయ్యో తల్లీ! నా పెళ్ళికి కూడా ఒక్కడే సాక్షి ఉన్నాడు, వాడూ తాగి ఉన్నాడు."

డెల్ఫీనాకి నవ్వు రాలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయని ఆయన తన టోపీ ఆమెకి అందించాడు, తుడుచుకోవడానికి ఇంకేం దొరక్క.

"ఆసుపత్రికి వెళ్దాం రండి. ఇప్పుడే," అంది ఆమె.

"ఈ తడి ఇంకో రెండు పాదులకి అందాలి."

"నేను తిప్పుతాను." ఆమె పార అందుకుని, మట్టి గట్టు రెండుచోట్ల తెంచి, ఒకచోట పూడ్చింది. నీళ్ళు కాసేపు ఆలోచించినట్టు ఆగి, కొత్త పాదులోకి తిరిగాయి. అమాదేయో కుర్చీలోంచి లేవకుండానే మెచ్చుకోలుగా గొణిగాడు.

"ఇది ఎవరో నేర్పిన చెయ్యి."

"మా ఆయన."

"ఉన్నాడా?"

"లేడు." కొంచెం ఆగి, "అప్పుడప్పుడు," అంది.

మార్నీ లోపలికి వెళ్ళి సీసా తెచ్చి, స్కాన్ చేసి, సంచీలో పెట్టి సీలు వేసింది. నలభై నాలుగోది.

ఆసుపత్రిలో ఊపిరితిత్తుల ఫొటో తీసి, కుడివైపు కింద చిన్న మచ్చ ఉందన్నారు. పాతదో కొత్తదో తేల్చడానికి రెండు రోజులు పట్టింది. కొత్తదే. బూజే. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి మందులకి లొంగుతుందనీ, ఆ సీసా పూర్తయ్యేదాకా పీల్చి ఉంటే ఏమయ్యేదో చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. మిగిలిన నలుగురికీ ఏమీ కాలేదు.

అంతకుముందే, ఫోన్ చేసిన మర్నాడు పొద్దున్న, టమారా గ్రీన్‌హౌస్‌కి వచ్చింది. పొట్టిగా, నిదానంగా, ప్రతి మాటకీ ముందు పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టే మనిషి. రెండు టబ్బులూ ఉన్న బల్లనీ, మూతలనీ, చీటీలనీ చూసింది. చీటీలు టబ్బు ఒంటికే అతికించాలన్న నియమం ఉందని గుర్తుచేసింది. రూడీ తల వంచుకున్నాడు. తరవాత కంప్యూటరు ముందు డెల్ఫీనాని కూర్చోబెట్టి, ఆ రెండు తేడాలకీ కారణాలు సరిదిద్దమంది.

జాబితాలో తేమ తగ్గింది, తేమ పెరిగింది, కాటా తేడా, నమోదు పొరపాటు, దొంగతనం, ఇతరం ఉన్నాయి. డెల్ఫీనా వేలు కదల్లేదు.

"నమోదు పొరపాటు అని నొక్కొచ్చు," అంది టమారా.

"నమోదు సరిగ్గానే చేశాను. చూపే అక్కడ లేదు."

"ఎక్కడుంది?"

వెనక గుమ్మంలో రూడీ ఉన్నాడు. డెల్ఫీనా స్క్రీన్ వైపే చూస్తూ చెప్పింది. మంచు సంగతి, పార సంగతి, ఈల సంగతి. రెండేళ్ళుగా మధ్యాహ్నాలు తను ఎవరి కోసం ఆ వరస చివరిదాకా నడుస్తోందో చెప్పింది. చెప్తుంటే అదంతా చాలా చిన్నదిగా, సిగ్గుపడాల్సినంత చిన్నదిగా వినిపించింది ఆమెకే.

టమారా పెన్ను మూత పెట్టేసింది. "ఇతరం నొక్కండి. పక్కన రాసుకోవడానికి గడి ఉంటుంది."

ఆ గడిలో డెల్ఫీనా ఇలా రాసింది: మూతలు పెట్టేటప్పుడు నేను చనిపోయిన నా భర్తని చూస్తున్నాను. రాసి, సంతకం కింద తన గుర్తింపు సంఖ్య కొట్టింది. రాష్ట్రం లెక్కల్లో ఆ వాక్యం ఇప్పటికీ ఉంది.

లైసెన్సు నలభై రోజులు ఆపారు. తమంతట తామే చెప్పుకున్నారు కాబట్టి రద్దు చెయ్యలేదు. ఆ నలభై రోజులూ మొక్కలకి నీళ్ళు పెట్టొచ్చు, పొడుగైన వాటికి ట్యాగులు కట్టొచ్చు. కొయ్యకూడదు, బయటికి గ్రాము కూడా పంపకూడదు. డెల్ఫీనా రాజీనామా రాసి ఇస్తే రూడీ దాన్ని చదివి, మడిచి, మోటారు షెడ్డులో నూనె మరకలు తుడవడానికి వాడుకున్నాడు.

"ఇకనుంచి మూత పడేటప్పుడు ఇద్దరుండాలి," అన్నాడు. "ఒకళ్ళు చదవాలి, ఒకళ్ళు వినాలి. నువ్వు చదువు, నేను వింటాను. నీకు ఈల వినిపిస్తే నాకు చెప్పు, తీయా. మా నాన్న కూడా నాకు అప్పుడప్పుడు వినిపిస్తాడు. మిల్లు బూట్ల చప్పుడు."

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు మాత్రం చెప్పావేంటి?"

అమాదేయోని మూడు వారాలకి ఇంటికి పంపారు. ఆ తరవాత పరీక్షలకి ప్యూబ్లో ఆసుపత్రికి రావలసినప్పుడల్లా డెల్ఫీనాయే తీసుకొచ్చి, దింపేది. ఆయనకి పిల్లలు లేరు. పువ్వు పీల్చడం డాక్టరు మాన్పించాడు. ఇప్పుడు, లైసెన్సు ఆపకముందే ఇక్కణ్ణుంచి వెళ్ళిన పువ్వుతో చేసిన నూనె చుక్కలు నాలిక కింద వేసుకుంటున్నాడు. సీసా చేతికి రాగానే దాని అంకెలు ఆమెకి ఫోనులో చదివి వినిపించేవాడు. ఆమె ఏ వరసలోదో చెప్పేది. "ఎండ బాగా తగిలే చోటా?" అని అడిగేవాడు, ద్రాక్ష కొంటున్నవాడిలా.

ఆగస్టు చివర ఆఖరి పరీక్ష అయింది. మచ్చ పోయింది. తిరుగుదారిలో రోడ్డు పక్కల మిరపకాయలు కాల్చే జల్లెడ డ్రమ్ములు తిరుగుతున్నాయి. ఆ ఘాటైన తియ్యటి పొగ కిటికీల్లోంచి లోపలికి వచ్చింది. అమాదేయో ఒక సంచి కొనిపించుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. వాల్సెన్‌బర్గ్ దాటక ముందే వేడి సంచి మీద చేతులు వేసుకుని నిద్రపోయాడు. నోరు కొంచెం తెరుచుకుంది. ఊపిరి మెల్లగా, ఏ గరగరా లేకుండా వస్తోంది.

ఆయన ఇంటి మలుపు వచ్చింది. డెల్ఫీనా బండి తిప్పలేదు. లేపితే దిగిపోతాడు, దిగితే పాదుల దగ్గరికి వెళ్ళిపోతాడు, ఈ నిద్ర పాడవుతుంది. ఆమె అలాగే లోయ పైకి పోనిచ్చింది. మట్టి దారి కాస్తా బండి చక్రాల జాడగా మారి, ఆ జాడ కూడా నది ఒడ్డున పెద్ద చెట్ల కింద ఆగిపోయింది. ఇంజను ఆపింది. ఆకులు కదులుతున్నాయి. నీళ్ళు రాళ్ళ మీంచి పోతున్నాయి. పొద్దు ఇంకా చాలా ఉంది.

"ఎక్కడున్నాం?" కళ్ళు తెరవకుండానే అడిగాడు ముసలాయన.

"దారి తప్పాం."

"మంచిది," అని ఆయన సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుని మళ్ళీ నిద్రపోయాడు. డెల్ఫీనా చెప్పులు విప్పి, కాళ్ళు ముందుకి చాపుకుని కూర్చుంది.